ఇల్లు ఒక సెంటు కూడా పట్టదు: ఉమ్మడి పొలం చుట్టూ చిన్న ఇళ్ళు కట్టాలంటే తేల్చుకోవలసిన లెక్కలు

పది పన్నెండు కుటుంబాలు కలిసి పదెకరాలు కొని, ఓ మూల చిన్న చిన్న ఇళ్ళు కట్టుకుని, మిగతాది ఉమ్మడిగా సాగు చేసుకోవాలన్న ఆలోచన ఇప్పుడు ఒంగోలు, నెల్లూరు పట్టణాల్లో బాగానే వినిపిస్తోంది. దాదాపు ప్రతి బృందమూ ఇంటి నమూనా బొమ్మలతో మొదలుపెడుతుంది. అక్కడే పని తలకిందులవుతుంది. నాలుగు వందల చదరపు అడుగుల ఇల్లు ఒక సెంటు కూడా పట్టదు, ఎందుకంటే సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. పన్నెండు ఇళ్ళూ కలిపితే 11 సెంట్లు. ఆ ఇళ్ళకు వెళ్ళడానికి 12 అడుగుల వెడల్పున 600 అడుగుల దారి వేస్తే అదొక్కటే 16 సెంట్లన్నర మింగుతుంది. అసలు చిక్కులు నీళ్ళలో, కాగితాల్లో, రోజువారీ పనిలో ఉంటాయి. వాటిని ఆ వరసలోనే తేల్చుకోవాలి. ఇంటి బొమ్మ చివర గీసుకోవచ్చు.

మాట తేలికగా సాగడానికి కనిగిరి, పామూరు, ఉదయగిరి మధ్య మెట్టలో పదెకరాల ఎర్రనేల, పన్నెండు ఇళ్ళు, 36 మంది అనుకుని లెక్క వేద్దాం. మీ నేలకు తగ్గట్టు అంకెలు మార్చుకోవచ్చు.

మే నెల నీళ్ళు

ఈ ప్రాంతంలో పొలాలు చూడడానికి జనం సంక్రాంతి సెలవుల్లో వస్తారు. ఈశాన్య రుతుపవనాల వానలు అప్పుడే ముగిసి ఉంటాయి. వాగుల్లో తడి ఉంటుంది, బోరు దబదబా పోస్తుంది. అదే బోరు రోహిణి కార్తెలో సగానికి పడిపోవచ్చు. కాబట్టి బోరును పరీక్షించాల్సింది మే నెలలోనే. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని నిమిషాల్లో నిండుతుందో చూడాలి. మొదటి డ్రమ్ము లెక్కలోకి రాదు. కనీసం ఆరు గంటలు మోటారు ఆపకుండా నడిపి, గంటకొకసారి డ్రమ్ము నింపి చూడాలి. చివరి రెండు గంటల అంకె నిలకడగా ఉంటే అదే మీ బోరు శక్తి. మోటారు ఆపాక నీటిమట్టం మళ్ళీ పైకి రావడానికి ఎంతసేపు పట్టిందో కూడా రాసుకోవాలి. 200 లీటర్లకు నాలుగు నిమిషాలైతే గంటకు 3,000 లీటర్లు, ఎనిమిది నిమిషాలైతే 1,500.

ఇప్పుడు ఖర్చు వైపు చూద్దాం. మనిషికి రోజుకు 90 లీటర్ల చొప్పున 36 మందికి 3,240 లీటర్లు. ఎకరం నిమ్మ తోటలో 20 అడుగుల ఎడంతో దాదాపు 110 చెట్లు పడతాయి. కాపుకొచ్చిన చెట్టుకు నడివేసవిలో డ్రిప్పుతో రోజుకు 60 లీటర్లు ఇచ్చినా 6,600 లీటర్లు. అంటే ఒక్క ఎకరం నిమ్మ, ఊరంతా తాగి వాడే నీటికి రెట్టింపు తాగుతుంది. అరెకరం కూరగాయలకు రోజుకు 6 మిల్లీమీటర్లు, అందులో సగం నేలే తడుస్తుందనుకుంటే మరో 6,000. పశుగ్రాసం పదిహేను సెంట్లకు 3,000, రెండు ఆవులకు 150. మొత్తం 19,000 లీటర్ల దగ్గర తేలుతుంది.

జనవరిలో గంటకు 3,000 ఇచ్చే బోరుకు ఇది ఆరు గంటల పని. మేలో 1,500కి పడిపోతే తొమ్మిది గంటలు తోడినా 13,500 మాత్రమే వస్తుంది. రోజుకు 5,500 లీటర్ల లోటు. పక్కనే రెండో బోరు వేస్తే తీరుతుందనుకోవడం ఈ మెట్టలో పదేపదే జరిగే పొరపాటు. దగ్గర దగ్గరగా వేసిన బోర్లు అదే రాతి పగుళ్ళలోని నీటిని పంచుకుంటాయి తప్ప కొత్త నీటిని తేవు. లోటును ఖర్చు వైపు నుంచే పూడ్చాలి. వేసవిలో కూరగాయలను 20 సెంట్లకు కుదిస్తే 3,600 మిగులుతుంది. స్నానాల, బట్టల నీటిని శుద్ధి చేసి గడ్డికి మళ్ళిస్తే 2,300 కలిసొస్తుంది. అక్కడికి లెక్క సరిపోతుంది, అదీ అంచున. ఇంకో ఎకరం తోట పెడదామని సమావేశంలో ఎవరైనా అన్నప్పుడు ఈ కాగితం తీసి బల్ల మీద పెట్టాలి.

1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు రేపో మాపో వచ్చేస్తాయన్న అమ్మకందారు మాటను మాత్రం ఈ పట్టికలో ఏ గడిలోనూ రాయొద్దు.

కొత్త బోరుకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల వేయనివ్వరు. ఇంకో సంగతి, వ్యవసాయానికి ఇచ్చే ఉచిత కరెంటు సర్వీసు మీద ఇళ్ళ ట్యాంకు నింపకూడదు. ఇళ్ళ నీటికి వేరే మోటారు, గృహ వినియోగపు మీటరు మొదటినుంచే పెట్టుకోవాలి.

తాగడానికి మాత్రం వాన నీరే

కనిగిరి, దర్శి, పొదిలి వైపు భూగర్భజలంలో ఫ్లోరైడ్ సంగతి తెలియనివారు లేరు. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే దారి లేకపోతే 1.5 వరకు. నీటిని కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన మేర ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో యంత్రం తీసేస్తుంది గానీ పోసిన నీటిలో పెద్ద భాగాన్ని ఉప్పునీరుగా బయటికి వదులుతుంది. ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి ఒకేచోట పడితే నేల చవుడెక్కుతుంది.

పైకప్పు వాన నీరు ఇక్కడ చక్కగా కుదిరే ఉపాయం. చూరుతో కలిపి 45 చదరపు మీటర్ల కప్పు, 700 మిల్లీమీటర్ల వాన, పోయినది పోగా ఎనభై శాతం అనుకుంటే ఏడాదికి 25,000 లీటర్లు. ముగ్గురికి తాగడానికీ వంటకీ రోజుకు 24 లీటర్ల చొప్పున ఏడాదికి 8,760 చాలు. సగం వానే పడిన కరువు సంవత్సరంలో కూడా సరిపోతుంది. జనవరి నుంచి జూన్ సగం దాకా వాన లేని 165 రోజులకు 4,000 లీటర్లు కావాలి. వానలు ఆలస్యమయ్యే ఏడాదిని కూడా లెక్కలో పెట్టుకుని ఇంటికి 6,000 లీటర్ల తొట్టి కట్టుకుంటే నిశ్చింత. ప్రతి వాన మొదట్లో చదరపు మీటరుకు ఒక లీటరు చొప్పున, అంటే 45 లీటర్ల మురికి నీరు బయటికి పోయే పక్క గొట్టం తప్పనిసరి. దాని అడుగు మూతను వాన వెలిశాక తెరిచి ఖాళీ చేయకపోతే అది లేనట్టే. తొట్టిలోకి వెలుతురు పడితే నాచు, సందు ఉంటే దోమలు. ఈ రెండూ మూసేస్తే ఏడాదికొకసారి కడగడం తప్ప పెద్ద పని లేదు.

పొలానికి నీటికుంట పల్లంలో పడాలి. పైన 20 మీటర్ల చదరం, అడుగున 14 మీటర్ల చదరం, 3 మీటర్ల లోతు తవ్వితే 8 లక్షల 76 వేల లీటర్లు పడుతుంది. ఎకరానికి 30 మిల్లీమీటర్ల ఒక తడికి లక్షా ఇరవై వేల లీటర్లు కావాలి గనుక, ఇంకిపోయేది పోగా ఆరెకరాల కందికి పూత దశలో ఒక ప్రాణ తడి. అంతకు మించి ఆశించకూడదు. ఆ నీటిని వేసవి దాకా దాచాలనుకుంటే ఎండకే సమర్పించినట్టు. ఎర్రనేలలో ఇంకుడు ఎక్కువ కాబట్టి అడుగున బంకమన్ను దిమ్మిస కొట్టించాలి, లేదా ప్లాస్టిక్ పట్టా పరవాలి. పట్టా పరిస్తే చుట్టూ కంచె, లోపలికి కట్టిన తాడు నిచ్చెన ఉండాలి. తడి పట్టా మీద కాలుజారి పడిన పిల్లవాడైనా మేకపిల్లైనా తనంతట పైకి రాలేదు.

ఎవరి పేరున, ఏ కాగితంతో

నేల నచ్చాక ముందు ఎఫ్ఎంబీ (సర్వే కొలతల) పటం పట్టుకుని సర్వేయరుతో కొలిపించాలి. అడంగల్, 1బీ అనే రెవెన్యూ రికార్డులు, ముప్పై ఏళ్ళ లావాదేవీలు చూపే ఈసీ అందరూ చూస్తారు. ఈ జిల్లాల్లో వాటికి మించి చూడవలసినవి ఉన్నాయి. ఒకటి, డీకేటీ పట్టా నేల, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి. అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. 2023 సవరణతో ఇరవై ఏళ్ళు దాటిన అసలు లబ్ధిదారులకు హక్కులు దక్కే వీలు వచ్చింది గానీ, ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఏ జాబితాలోంచి బయటికి వచ్చిందో లేదో కాగితం మీద చూడకుండా బయానా ఇవ్వకూడదు. రెండు, పాత రికార్డులో పేరు బదులు చుక్కలు పెట్టిన చుక్కల భూములు. మూడు, వాగు పోరంబోకు, చెరువు శిఖం, డొంక (ఊరుమ్మడి బండి దారి). పొలానికి వెళ్ళే దారి డొంకగా పటంలో ఉంటే అది మీకు వరం. పక్క రైతు మంచితనం మీద నడిచే గట్టు దారైతే, అతను పొలం అమ్మిన రోజున మీ పన్నెండు ఇళ్ళకూ దారి మూసుకుపోతుంది. పెన్నకు దగ్గరగా కొనేవాళ్ళు 2021 నవంబరు వరద ఎక్కడిదాకా వచ్చిందో ఊళ్ళో అడిగి, ఆ మట్టాన్ని గుర్తు పెట్టించుకోవాలి.

అమెరికాలో, గల్ఫులో ఉన్న బంధువులను వాటాదారులుగా చేర్చుకోవడం మనవాళ్ళకు సహజం. ప్రవాస భారతీయులు వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనడానికి విదేశీ మారకద్రవ్య నిబంధనలు ఒప్పుకోవు. వారసత్వంగా రావచ్చు, కొనుగోలుగా కాదు. బినామీగా ఇక్కడి బావమరిది పేరు పెట్టడం మరో చట్టంతో తగువు.

హక్కు ఎవరి పేరున ఉండాలన్నదే అన్నిటికన్నా చిక్కు ప్రశ్న. పన్నెండు మంది కలిసి అవిభాజ్య వాటాలుగా రిజిస్టరు చేయించుకోవడం తేలిక. విడిపోవడం కూడా అంతే తేలిక: ఏ ఒక్కరైనా పంపకం దావా వేయవచ్చు. పంచడానికి వీలు కాదనుకుంటే కోర్టు 1893 నాటి పార్టిషన్ చట్టం కింద అమ్మించనూవచ్చు. అందుకు విరుగుడుగా ముక్కలు కోసి ఎవరిది వాళ్ళు రాయించుకుంటే ఉమ్మడి సాగు పోతుంది. పైగా హద్దులు కోసి ఇళ్ళ స్థలాలుగా రిజిస్టరు చేసిన క్షణాన అది చట్టం దృష్టిలో లేఅవుటే. అనుమతి లేని లేఅవుటులో ప్లాను రాదు, ప్లాను లేకుంటే బ్యాంకు గృహరుణం రాదు. హైవే వెంట జామాయిల్ చెట్లు చూపించి పది సెంట్ల చొప్పున అమ్మే ఫామ్ ప్లాట్లలో చాలావాటి గతి ఇదే.

మధ్యేమార్గంగా ఒక అమరిక మంచిదనిపిస్తుంది. ఇళ్ళు వచ్చే ఒక్క ఎకరాన్ని విడగొట్టి, దానికే నివాస వినియోగం, ప్లాను అనుమతి తీసుకోవాలి. ఆ ఎకరంలో కుటుంబానికొక వాటా, ఇల్లు. మిగతా తొమ్మిదెకరాలు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదు చేసిన సంఘం పేరున. ఆ సంఘానికి వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం పదిమంది కావాలి, పన్నెండు ఇళ్ళతో అది తీరుతుంది. మామూలు సొసైటీగా నమోదైతే లాభం పంచుకోవడానికి వీలుండదు, పంట అమ్మిన డబ్బు దగ్గర ఇరుకున పడతారు. భూ వినియోగ మార్పిడి రుసుము పద్ధతి 2025లో మారింది. పాత నాలా (భూ మార్పిడి పన్ను) లెక్కలు చెప్పే మధ్యవర్తి మాట మీద కాక, ఊరు నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ నుడా పరిధో, ఒంగోలు సంస్థ ఒడా పరిధో, పంచాయతీదో తేల్చుకుని ఆ కార్యాలయంలోనే అడగాలి.

సంఘం నియమావళిలో బయటికి పోయే దారిని లోపలికి వచ్చే దారికన్నా వివరంగా రాయాలి. వాటా అమ్మదలిస్తే ముందు సంఘానికి ఎన్ని రోజుల గడువు ఇవ్వాలి, ధర ఎలా కట్టాలి, డబ్బు ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలి, చనిపోతే నామినీకి ఏం దక్కుతుంది, ఇల్లు అద్దెకివ్వవచ్చా, మూడు నెలలు వాటా సొమ్ము కట్టకపోతే ఏమిటి. ఇవి స్నేహం బాగున్నప్పుడే రాసుకోవాలి.

పొలం ఏం పెడుతుంది, ఎవరు చేస్తారు

పదెకరాల్లో ఇళ్ళకు 100 సెంట్లు, నిమ్మకు 100, కూరగాయలకు 50, గడ్డికి 15, కొట్టానికీ ఎరువు దిబ్బకీ 20, కుంటకు గట్లతో 15, దారులకూ సరిహద్దు చెట్లకూ 50 పోతే ఆరున్నర ఎకరాల వానాధారం మిగులుతుంది. మన తిండి మనమే పండించుకుంటామన్న మాట ఇక్కడ సగమే నిజం. 36 మందికి ఏడాదికి 525 కిలోల పప్పు కావాలంటే 750 కిలోల కందులు కావాలి. ఎకరాకు మూడు నాలుగు క్వింటాళ్ళ లెక్కన రెండు రెండున్నర ఎకరాల కంది. అది సాధ్యమే. అరెకరం కూరగాయలు కూడా బాగా చేస్తే సరిపోతాయి. కొర్ర, సజ్జ, నువ్వులు, పెసర మిగతా చెలకలో వేసుకోవచ్చు. వరి మాత్రం వద్దు, ఆ నీళ్ళు మనకు లేవు. బియ్యం నెల్లూరు డెల్టా రైతు దగ్గర వడ్ల రూపంలో కొని ఆడించుకోవడం మేలు, మొలగొలుకులు దొరికితే అదృష్టం.

ఒంగోలు గిత్తల గడ్డ మీద ఉండి పది ఆవులు పెట్టకపోతే ఎలా అని ఎవరో ఒకరు అంటారు. ఒక్కో ఆవుకు రోజుకు పాతిక కిలోల పచ్చిగడ్డి, దాని వెనక ఎనిమిది సెంట్ల నేపియర్ గడ్డి, దాని వెనక 1,500 లీటర్ల నీళ్ళు. ఎరువు కోసమైతే రెండు చాలు. ఎకరాకు 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టు మట్టి, 200 లీటర్ల నీళ్ళతో జీవామృతం కలిపితే, పదిహేను రోజులకొకసారి ఎనిమిదెకరాలకు 80 కిలోల పేడ పడుతుంది. రెండు ఆవులు ఆ పదిహేను రోజుల్లో దాదాపు 300 కిలోలు వేస్తాయి. పాలు ఊళ్ళో పోయించుకోండి.

పని గంటలు రాస్తే ఆదర్శం ఎక్కడ చిరుగుతుందో కనబడుతుంది. కూరగాయలకు రోజుకు నాలుగు గంటలు, ఆవులకు మూడు, ఎరువు, నారు, మరమ్మతులకు వారానికి పదహారు. మొత్తం వారానికి 65 గంటలు, ఇంటికి ఐదున్నర. వినడానికి తక్కువే. కానీ ఆవుకు ఆదివారం తెలియదు, బెండకాయ రెండు రోజులు ఆగితే ముదురుతుంది, ఉద్యోగస్తులంతా శని ఆదివారాలే వస్తారు. కలుపు, కోత రోజుల్లో ఊరి కూలీలు ఎలాగూ కావాలి. అందుకే పన్నెండు ఇళ్ళలో ఒకటి వ్యవసాయం తెలిసిన జంటకు, జీతంతో సహా, కేటాయించడం తెలివి. అప్పుడు వాటాదారులు పదకొండు కుటుంబాలు, చట్టానికి అదీ చాలు. ఆ జంటకు సంఘంలో ఓటు ఇవ్వండి. ఎప్పుడు విత్తాలో వాళ్ళకే తెలుసు. వానాధారం ఆరున్నర ఎకరాలు మొదటి రెండేళ్ళు ఊరి రైతుకు కౌలుకు ఇవ్వడంలో నామోషీ లేదు. 2019 సాగుదారు హక్కుల చట్టం కింద పదకొండు నెలల ఒప్పందం రాసుకుంటే అతనికి పంట రుణానికి కార్డు వస్తుంది, మీ హక్కుకు ఢోకా ఉండదు.

ఇక ఇల్లు

చక్రాల మీది ఇల్లు, ఇనుప కంటైనర్ ఇల్లు ఇక్కడికి పనికిరావు. మే నెల మధ్యాహ్నం రేకు గోడ పెనమే. చిన్న ఇళ్ళ బొమ్మల్లో కనిపించే అటక మీది పడక కూడా అంతే. వేడి గాలి అక్కడే చేరుతుంది, రాత్రి రెండింటికి కూడా నిద్ర పట్టదు. అటక గింజల డబ్బాలకు.

16 అడుగులు, 25 అడుగుల ఇల్లు, పొడుగు గోడలు ఉత్తరం, దక్షిణం వైపులకు ముఖంగా. పడమటి గోడకు కిటికీ లేకుండా స్నానాలగది, సామాను గది అటు పెడితే వడగాడ్పు పడకగదికి చేరదు. ఆ వైపు కానుగ, వేప. ముందు ఆరడుగుల వసారా, అదే అసలు గది. గోడకు ఫ్లైయాష్ ఇటుక సులువుగా దొరుకుతుంది. ఇటుకను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ పద్ధతిలో నాలుగో వంతు ఇటుక మిగులుతుంది, వేడి తగ్గుతుంది. అలవాటు లేని మేస్త్రీ ఆ ఖాళీని సిమెంటు మాలుతో నింపేస్తాడు, మొదటి గోడ దగ్గర నిలబడి చూడాలి. మట్టి దిమ్మెలు ఎర్రనేలలో ఐదు నుంచి ఎనిమిది శాతం సిమెంటుతో బాగా వస్తాయి. నల్లరేగడితో చేస్తే పగులుతాయి. పునాది కూడా అంతే, రేగడిలో గట్టి గ్రావెల్ తగిలేదాకా తవ్వి, ప్లింత్ బీమ్ (పునాది మీద కాంక్రీటు దూలం) వేయకపోతే రెండో వేసవికే గోడలు నెర్రెలిస్తాయి. తీరానికి దగ్గరైతే గంటకు 180 కిలోమీటర్ల గాలికి కప్పును బిగించాలి.

ఇల్లు చిన్నదైతే సామాను ఎక్కడికీ పోదు. ఉమ్మడి భవనంలో ఇంటికో తాళం వేసే గది, రెండు అతిథి గదులు, వాషింగ్ మెషీన్లు, పెద్ద వంటిల్లు లేకపోతే ఏడాదిలోగా ప్రతి ఇంటి వెనకా రేకుల షెడ్డు లేస్తుంది. పంట ఆరబోసే కళ్ళం దాని పక్కనే ఉండాలి.

మరుగుదొడ్డికి ఎర్రనేలలో జంట గుంతలు చాలు. ఐదారుగురికి మీటరు వెడల్పు, మీటరు లోతు గుంతలు రెండు, బోరుకు పల్లం వైపున, కనీసం 15 మీటర్ల దూరంలో, 30 అయితే మంచిది. రెండు గుంతలనూ ఒకేసారి తెరిచి పెట్టడం ఎక్కువగా జరిగే తప్పు. ఒకటి నిండాక మూసి, రెండోదానికి మళ్ళిస్తే, మూసినది రెండేళ్ళలో వాసన లేని ఎరువవుతుంది. రేగడిలో నీరు ఇంకదు, సెప్టిక్ ట్యాంకు తప్పదు.

స్నానాల, బట్టల నీటికి 3 మీటర్ల వెడల్పు, 16 మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల లోతు కంకర మడి. ప్రవేశం దగ్గర 40 ఎంఎం, తర్వాత 20 ఎంఎం, మీటరుకు ఒక సెంటీమీటరు వాలు, పైన మెట్టతామర. అది చెడేది రెండిటి వల్లే: వంటింటి జిడ్డు, గిన్నెలు తోమిన మట్టి. ముందు జిడ్డు తొట్టి పెట్టి వారానికొకసారి తీసేయాలి. పొడి డిటర్జెంట్ల సోడియం నేలను బిగదీస్తుంది, ద్రవ సబ్బులు వాడాలి.

కరెంటుకు ఇంటికి రోజుకు మూడు యూనిట్లు వేసుకుంటే మొత్తం 36, తొమ్మిది పది కిలోవాట్ల సౌర పలకలు. పీఎం సూర్యఘర్ కింద ఇంటికి 3 కిలోవాట్ల దాకా గరిష్ఠంగా 78,000 రూపాయల రాయితీ ఉంది, మీటరు ఇంటి యజమాని పేరున ఉండాలి.

పనుల వరస ఇలా పెట్టుకోవచ్చు. మేలో బోరు పరీక్ష, జూన్ నుంచి సెప్టెంబరు లోపు కాగితాలు, రిజిస్ట్రేషన్. ఈశాన్య వానల్లో ఒక్క ఇటుకా పేర్చకుండా నీరు ఎటు పారుతుందో, ఎక్కడ నిలుస్తుందో చూసి కొయ్యలు పాతాలి. ఆ కొయ్యలే కుంటకూ పునాదులకూ గుర్తులు. సంక్రాంతి తర్వాత కుంట తవ్వకం, ఉమ్మడి భవనం. వచ్చే మేలో తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి, బోరును రెండోసారి పరీక్షించి, ఆ అంకె చూశాకే పన్నెండు ఇళ్ళా ఎనిమిదా అన్నది తేల్చాలి.